లైటు వెలగని మిషను

గురువారం ఉదయం పది గంటల పదహారు నిమిషాలకు నూలు మిల్లు పొగగొట్టం కూలింది. సైరన్ రెండుసార్లు మోగింది. రెండోది ఆగాక గొట్టం అడుగున పేలుడు జరిగింది. గొట్టం ఒక క్షణం ఏమీ జరగనట్టు నిలబడింది. తర్వాత మిల్లు వెనక ఖాళీ చేసిన గోదాముల వైపు ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుమ్ము అణిగేసరికి మధ్యాహ్నమైంది.

మిల్లుకు ఎదురు వీధిలో ఒక ఇంటి మేడగదిలో, ఆ సమయానికి, కిటికీ దగ్గర ముగ్గురున్నారు. కుర్చీలో ఒక ముసలాయన. ఆయన పక్కన స్టాండు మీద చెక్క కెమెరా, దాని మూత చేత్తో పట్టుకుని ఆయన కోడలు. తలుపు దగ్గర ఆయన కూతురు.

ముసలాయన ఆ గొట్టం కిందే పనిచేశాడు. బాయిలర్‌లో బొగ్గు వేసే పనికి చేరి, బాయిలర్ మేస్త్రీగా రిటైరయ్యాడు. వీధిలో ఆయన్ని బాయిలర్ తాత అంటారు. మిల్లు నడిచిన రోజుల్లో ఆయన లేవగానే కిటికీ తీసి పొగ చూసేవాడు. పొగ ఇటు తిరిగితే ఇంట్లోవాళ్ళు బట్టలు వెనక వరండాలో ఆరేసేవారు. అటు తిరిగితే డాబా మీద. ఆ మాట ఆయనే చెప్పాలి. మిల్లు మూతపడ్డాక పొగ లేదు, చెప్పడానికి మాటా లేదు. కిటికీ తీయడం మాత్రం ఆయన మానలేదు.

కోడలి వృత్తి ఫొటోలు. గాజు పలకకు తనే మందు పూసి, ఆరబెట్టి, చెక్క కెమెరాలో పెట్టి తీస్తుంది. ఆ మందును ఇంట్లో వెండిపాలు అంటారు. బ్రోమైడ్ ఉప్పు కలిపి వేడి చేసిన జెలటిన్‌లో సిల్వర్ నైట్రేట్ నీళ్ళను సన్నటి ధారగా పోస్తూ, ఆపకుండా కలిపితే అది తయారవుతుంది. పెళ్ళివాళ్ళు, మ్యూజియంవాళ్ళు ఆర్డర్లిస్తారు. ముసలాయన అదే ఇంట్లో ఉంటూ తనకో ఫొటో కావాలని ఏనాడూ అడగలేదు. "నా మొహానికి వెండెందుకమ్మా, మసి చాలు" అనేవాడు.

గొట్టం కూల్చేస్తున్నామని మిల్లు గేటుకు నోటీసు అంటించిన రోజు ఆయన కోడలిని పిలిచాడు.

"అమ్మాయ్, దాన్ని గాజు మీద పడెయ్యగలవా?"

"ఏ సైజులో మావయ్యా?"

"ఇక్కడ కూర్చుంటే నాకెంత కనిపిస్తుందో అంత."

కోడలు ఆయన కుర్చీ వెనక వంగి, ఆయన చూసే చోటు నుంచి చూసింది. వీలవుతుందని చెప్పింది. ఆకాశం ఉన్నచోట గాజును ఖాళీగా వదిలేసి, గొట్టాన్ని మాత్రం నల్లగా నిలబెట్టవచ్చు. ఆ పలకను కిటికీకి ఎదురుగా పెట్టి, సరైన దూరంలో కన్ను ఉంచితే, గొట్టం ఉన్నచోటే కనిపిస్తుంది.

"అది లేకపోయినా?"

"లేకపోయినా కనిపిస్తుంది."

ఆయన తల ఊపాడు. అదే మొదటి కోరిక. రెండోది అడగలేదు.

అవుతుందని అన్నదే గానీ ఆమె కుడి మణికట్టు మాట వినే స్థితిలో లేదు. అంతకుముందు స్టూడియోలో నిచ్చెన మీంచి పడింది. కట్టు విప్పారు, ఎముక అతుక్కుంది, కానీ చెయ్యి గుండ్రంగా తిరిగేటప్పుడు ఒకచోట పట్టేస్తోంది. వెండిపాలు కలిపే చేతికి ఆ ఆగడం పనికిరాదు. ఆగితే వెండి గడ్డకడుతుంది. జోరెక్కితే బుడగలొస్తాయి. ప్రతి బుడగా పలక మీద ఒక చిల్లు. ఆమె భర్త గూడ్సు బండి డ్రైవరు. వారంలో సగం పట్టాల మీదే ఉంటాడు.

ముసలాయన కూతురు కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో ప్రాక్టికల్స్ చెబుతుంది.

"నేనొచ్చి కలపనా వదినా?"

"నువ్వు కలిపితే వెండిపాలు కావు, సిమెంటవుతుంది."

"అయితే మిషను కొను. వేడి చేస్తూ దానంతటదే కలిపేది. మాగ్నెటిక్ స్టిర్రర్. నోరు కూడా ఉండదు, నిన్నేమీ అనదు."

"నీకన్నా నయమేనన్నమాట."

సైన్సు సామాన్ల షాపుకు ఇద్దరూ కలిసి వెళ్ళారు. షాపు బడి కుర్రాళ్ళు, కాలేజీవాళ్ళు వచ్చేది. అద్దాల బీరువాలు, వెనక ఒక పొడుగు బల్ల, బల్ల మీద వరసగా స్టిర్రర్లు. షాపాయన కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని ఏం కలపాలని అడిగాడు.

"వెండి" అంది కోడలు.

"వెండికి కొలిమి కావాలి కదమ్మా, ఇది పనికిరాదు."

కూతురు విడమరిచి చెప్పింది. జెలటిన్, యాభై డిగ్రీలు, చిక్కదనం పాలకన్నా కాస్త ఎక్కువ. షాపాయనకు అర్థమైంది. అన్నిటికన్నా పెద్దదాన్ని ముందుకు జరిపి, దాని వేగం చెప్పాడు.

"ఎంత జోరుగా తిరుగుతుందో వద్దండీ, ఎంత నెమ్మదిగా తిరుగుతుందో చెప్పండి" అంది కూతురు. వదిన వైపు తిరిగి చెప్పుకొచ్చింది. వాట్లు చూసి మోసపోకూడదు. పైరేకు వేడి వేరు, దాని మీది బీకరులో పాల వేడి వేరు. రేకు ఎప్పుడూ ముందుంటుంది. పాలల్లో ముంచే సెన్సరు ఉంటే ఆ తేడా మిషనే చూసుకుంటుంది.

కోడలు సంచిలోంచి తన ఎనామెల్ గిన్నె తీసింది. ఇన్నేళ్ళూ అందులోనే కలిపింది. నీళ్ళు పోసి, బీడ్ అనే చిన్న అయస్కాంతపు బిళ్ళ వేసి, స్విచ్చి నొక్కారు. బీడ్ కాస్త వణికి ఊరుకుంది.

"లోపల ఇనుముందమ్మా. మధ్యలో ఇనుము కూర్చుంటే కింది అయస్కాంతం మాట పైదానికి వినపడదు" అన్నాడు షాపాయన. గాజు బీకరు ఇచ్చాడు.

ఈసారి బీడ్ తిరిగింది. కోడలు వంగి చూసింది. కింద మిషనుకూ పైన నీళ్ళకూ మధ్య గాజు ఉంది. కడ్డీ లేదు, తాడు లేదు, చెయ్యి లేదు. నీళ్ళ నడుమ చిన్న గుంట పడింది. నాబ్ తిప్పిన కొద్దీ గుంట లోతయింది, తగ్గించిన కొద్దీ పూడింది. ఆమె నాబ్ వదిలింది. తర్వాత రెండు వేళ్ళు బీకరుకు ఆనించి కళ్ళు మూసుకుంది.

షాపాయన గొంతు తగ్గించి కూతురిని అడిగాడు. "మొక్కుకుంటున్నారా?"

"కాదండీ. మా వదిన కళ్ళు మూసుకుంటేనే చూస్తుంది."

నిజమే. ఆమెకు పని నేర్పినవాళ్ళు అలాగే నేర్పారు. వెండిపాలు కలిపేటప్పుడు డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కూడా వేయరు. తెరిచి ఉన్న కన్ను వెలుతురు కోసం వెతుకుతుంది, మనసు అటు పోతుంది. అందుకని తలుపు వేసి, దీపం ఆర్పి, కళ్ళు మూసుకుని, వేళ్ళతో, చెవులతో పని చేయాలి. పూర్తయ్యేదాకా తెరవకూడదు. ఆమె ఏ రోజూ ఆ కట్టుబాటు తప్పలేదు.

వాళ్ళు సెన్సరు ఉన్న డిజిటల్ మిషను కొన్నారు. ఎంత నెమ్మదిగా తిప్పినా తడబడలేదు. పట్టపగలు, వీధి వెలుతురులో, దాని ముఖం మీది అంకెలు సరిగ్గా కనిపించలేదు కూడా. చెయ్యి అడ్డం పెట్టి చదవాల్సి వచ్చింది.

మొదటి విడత కోడలు ఆదివారం కలిపింది. సీసాలో సిల్వర్ నైట్రేట్ రెండు విడతలకే ఉంది. కొత్త సీసా గొట్టం కూలేలోగా వచ్చే దారి లేదు. కూతురు డార్క్‌రూమ్ తలుపు బయట స్టూలు వేసుకుని కూర్చుంది. లోపల కోడలు దీపం ఆర్పింది. కళ్ళు మూసుకుంది. చేత్తో తడుముకుని మిషను ఆన్ చేసింది. ఎడమ చేత్తో వెండి పోసింది. వేళ్ళ కింద బీకరులో పాలు ఒకే తీరున తిరిగాయి.

"ఎలా ఉంది వదినా?"

"నా చెయ్యి ఇంత బాగా ఎప్పుడూ తిప్పలేదే!"

పోయడం అయింది. కోడలు కళ్ళు తెరిచింది.

గది నీలంగా ఉంది. గోడ మీద మేకులకు తగిలించిన గరాటాలు కనిపిస్తున్నాయి. తన చేతులు కనిపిస్తున్నాయి. మిషను ముఖం మీద అంకెలు వెలుగుతున్నాయి, యాభై అని, వాటి వెలుతురు బీకరు మీద పడుతోంది. వెండిపాలు ఎరుపును భరిస్తాయి. నీలం అంటే వాటికి పగలే.

బయట కూతురు తలుపు తట్టింది.

"వదినా?"

"తలుపు తీసుకో. ఇక ఫరవాలేదు."

పరీక్ష కోసం కోడలు ఆ పాలు చిన్న గాజు ముక్కకు పూసి, కెమెరాలో పెట్టకుండానే బొమ్మను తేల్చే మందులో, డెవలపర్‌లో ముంచింది. ముక్క మొత్తం నల్లబడింది. సందేహం లేదు.

"నేనెలా మర్చిపోయానే! రోజూ ల్యాబులో అవే అంకెలు చూస్తా" అంది కూతురు.

"నువ్వు చూశావు కాబట్టి మర్చిపోయావు. నేను చూడలేదు కాబట్టి పోగొట్టాను. ఇద్దరం కలిసి ఒక్క మనిషికి సరిపడా తెలివి కూడా పెట్టలేదు."

"గుడ్డతో కప్పేసి మళ్ళీ కలుపుదామా?"

"గుడ్డ జారితే? మూసిన కళ్ళకి జారిందని ఎవరు చెప్తారు? మిగిలింది ఒక్క విడత."

పైన ముసలాయనకు చెప్పారు. ఆయన కిటికీ వైపే చూస్తూ విన్నాడు. "పోనీలే అమ్మా" అన్నాడు. "ఇన్నేళ్ళు చూశాగా." కోడలికి ఆయన సంగతి తెలుసు. పోనీలే అన్నాడంటే ఇక అడగడం మానేశాడని. భార్య పోయిన రోజు డాక్టరుతో అన్నదీ ఆ మాటే.

మర్నాడు ఇద్దరూ మళ్ళీ షాపుకెళ్ళారు. మిషను బల్ల మీద పెట్టారు.

"పాడైందా అమ్మా?"

"లేదండీ. బాగా పనిచేస్తోంది. అదే బాధ" అంది కోడలు. "ఇలా అడుగుతున్నానని ఏమనుకోకండి. ఉన్న మిషన్లన్నీ ఆన్ చేసి షట్టరు దించుతారా?"

షాపాయన కళ్ళజోడు కిందికి దించి ఆమెను చూశాడు, కూతురిని చూశాడు. "ఈ షాపులో చీకట్లో చూసి సరుకు కొన్నవాళ్ళు ఇప్పటిదాకా లేరు" అన్నాడు. అయినా బీకర్లలో నీళ్ళు పోసి, బీడ్లు వేసి, బల్ల మీదవాటికీ, కింది అరలోవాటికీ తీగలు తగిలించాడు. షట్టరు దించాడు. ట్యూబులైట్లు ఆర్పాడు.

షాపు పోయింది. బీరువాలు పోయాయి, బల్ల పోయింది. చీకట్లో అంకెలు మిగిలాయి, నీలంవి, ఆకుపచ్చవి, ఎర్రవి. ఒక్కో అంకె వెనక నీళ్ళు తిరుగుతున్నాయి. వెలుగు ఆ నీళ్ళ గుంటల్లో పడి పైకప్పు మీద వలయాలుగా కదిలింది. ఆ మిషన్ల మధ్యే వయసు గడిపిన షాపాయన పైకి చూస్తూ ఉండిపోయాడు. వీధిలో స్కూటర్ హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

"ఇదంతా ఇక్కడే ఉందా!" అన్నాడు చివరికి. బల్ల తడుముకుంటూ, "లైటు వెయ్యనా అమ్మా? గల్లాపెట్టె కనపడకపోతే నాకు కాలూ చెయ్యీ ఆడవు" అన్నాడు.

"ఒక్క నిమిషం" అంది కోడలు. "అక్కడ కింద తిరుగుతున్నదేమిటి?"

"ఎక్కడ?"

"కింద అరలో. టకటకమంటోంది. వెలుగు లేదు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి చాపింది. వేళ్ళకు బీకరు తగిలింది. లోపల నీళ్ళు తిరుగుతున్నాయి.

"అయ్యో, అదా! పాత మోడలు. అంకెలుండవు, రెండు నాబులే. ఉన్న ఒక్క లైటూ కాలిపోయింది. తిరుగుతోందో లేదో తెలియడం లేదని రెండుసార్లు వెనక్కి పంపారు. దాన్ని కూడా పొరపాటున తగిలించినట్టున్నాను."

"నాకు తెలుస్తోంది" అంది కోడలు. "ఇదే కావాలి."

"ఇన్ని వెలిగేవాటిని పెట్టుకుని, కనపడనిదాన్ని ఏరుకున్నారు!" షాపాయన షట్టరు ఎత్తాడు. "మీవాళ్ళందరూ ఇంతేనా?"

"పుట్టింటి నుంచి వచ్చిన గుణమండీ, మాది కాదు" అంది కూతురు.

మిషనుకు సెన్సరు లేదు. అంకెలు లేవు. వేడి ఎంతో చెప్పే దిక్కు లేదు. ఆ పని కూతురు తీసుకుంది. వెండిపాలు ఎంత ఉంటాయో అన్ని నీళ్ళు బీకరులో పోసి, థర్మామీటరు వేలాడదీసి, పగటి వెలుతురులో కూర్చుంది. నాబ్ కొంచెం తిప్పడం, ఆగడం, చూడడం. నీళ్ళు యాభై దగ్గరికి వచ్చి, పైకీ కిందికీ పోకుండా నిలిచిన చోట నాబ్‌కూ, దాని పక్కన డబ్బాకూ ఒక్కో దారపు ముడి అంటించింది. రెండు ముళ్ళూ ఎదురెదురుగా వస్తే యాభై. కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూసింది. మళ్ళీ నీళ్ళు మార్చి మొదటి నుంచీ చేసింది. నీళ్ళు మళ్ళీ అక్కడే నిలిచాయి.

రెండో విడతకు కోడలు ఆమెను బయట కూర్చోనివ్వలేదు.

"లోపలికి రా. కళ్ళు తెరుచుకుని నిలబడు. ఏదైనా కనిపిస్తే కేకెయ్యి."

దీపం ఆరింది. కూతురు కళ్ళు విప్పార్చి చూసింది. ఏమీ లేదు. వదిన లేదు, మిషను లేదు, తన చెయ్యి మొహం ముందు పెట్టుకున్నా లేదు. బీడ్ చప్పుడు మాత్రం ఉంది. వెండి నీళ్ళు పడుతున్న చప్పుడు, అంతకన్నా చిన్నగా.

"వదినా, తిరుగుతోందా?"

"చెయ్యి ఇలా ఇవ్వు."

కోడలు ఆమె వేళ్ళు తీసుకుని బీకరుకు ఆనించింది. గాజు వెచ్చగా ఉంది. దాని అవతల ఏదో తిరుగుతూ ఉంది. కూతురు ఏళ్ళ తరబడి పిల్లలకు ఆ మిషను గురించి చెబుతోంది, అయస్కాంత క్షేత్రమని బోర్డు మీద గీతలు గీస్తోంది. చీకట్లో ఎప్పుడూ ముట్టుకోలేదు. ఎవరూ ముట్టుకోకుండా, ఎవరికీ కనపడకుండా, నీళ్ళు వెండి అయి, వెండి పాలవుతోంది. ఆమె చెయ్యి తీయలేదు.

"ఏమైనా కనిపించిందా?" అంది కోడలు.

"లేదు. ఏమీ లేదు వదినా."

"ఏడుస్తున్నావా?"

"నీ వెండి వాసనకి."

"వెండికి వాసనుండదే, కెమిస్ట్రీ అమ్మగారూ."

వెండిపాలను చల్లార్చి, గడ్డకట్టించి, తురిమి, కడిగి, మళ్ళీ కరిగించి గాజు పలకలకు పూయడానికి బుధవారం దాకా పట్టింది. మూడు పలకలు బాగా వచ్చాయి. గురువారం తెల్లవారేసరికి అవి ఆరాయి. కెమెరాను కుర్చీ పక్కన, ముసలాయన కళ్ళ ఎత్తులో నిలబెట్టారు. కానీ పొద్దున పూట సూర్యుడు సరిగ్గా గొట్టం వెనక ఉంటాడు. వెలుగు నేరుగా కెమెరా కంట్లో పడుతుంది. అది పక్కకు జరిగేదాకా ఆగాలి. కూల్చే టైము పది తర్వాత ఎప్పుడైనా అని మిల్లువాళ్ళు చెప్పారు.

మొదటి సైరన్ మోగేటప్పటికి ఎండ ఇంకా లెన్సు అంచున ఉంది.

"తియ్యి వదినా!"

"ఆగు."

"ఏం ఆగడం, అది ఆగుతుందా?"

"మావయ్యా, మీ చెయ్యి కొంచెం పైకెత్తి పెట్టండి. ఎండకి అడ్డంగా. ఇంకొంచెం. అలాగే ఉంచండి."

ముసలాయన అరచెయ్యి లెన్సు పైన గొడుగులా నిలిచింది. కోడలు మూత తీసింది. పెదాలు కదిలిస్తూ లెక్కపెట్టింది. మూత పెట్టింది. రెండో సైరన్ అప్పుడు మొదలైంది.

గొట్టం ఒరగడం ముగ్గురూ చూశారు. కిటికీ అద్దాలు ఆ తర్వాత అదిరాయి. ముసలాయన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. కోడలు దాన్ని పట్టుకుని కిందికి దించింది.

మధ్యాహ్నం డార్క్‌రూమ్‌లో ఎర్రబల్బు కింద పలకను డెవలపర్‌లో ముంచారు. ముసలాయన మెట్లు దిగి వచ్చాడు. ఆ గదిలోకి ఆయన రావడం అదే మొదలు. పలక తెల్లగా ఉంది. కాసేపటికి పైన నలుపు వచ్చింది. పక్కల నలుపు వచ్చింది. ఆకాశం మొత్తం నల్లబడింది. నడిమధ్య ఒక్కచోట నలుపు రాలేదు. ఆ రానిచోటు గొట్టం ఆకారంలో ఉంది.

"ఇది తిరగేసిన బొమ్మ మావయ్యా. దీన్ని ఇంకో పలక మీద పెట్టి వెలుగు చూపిస్తే సరైనది వస్తుంది."

రెండో పలక మీద ఆకాశం గాజుగా మిగిలింది. గొట్టం నల్లగా నిలబడింది. ఆరాక ముసలాయన భూతద్దం పెట్టి చూశాడు. ఇటుకల వరసలు, ఇనుప పట్టీలు. ఒక పక్కన కింద నుంచి అంచు దాకా మెట్లు.

"పైకి మెట్లున్నాయా దీనికి!"

"మీరెప్పుడూ ఎక్కలేదా నాన్నా?" అంది కూతురు.

"మాది కింద పనమ్మా." ఆయన భూతద్దం అంచు దాకా జరిపాడు. "పైన ఒక ఇటుక లేదు చూడు. ఆ కంతలోంచే కాబోలు, పొగ పాయలుగా వచ్చేది. ఎందుకో ఎవరికీ తెలిసేది కాదు."

శుక్రవారం ఉదయం కోడలు పలకను చెక్క స్టాండులో బిగించి, కిటికీకీ కుర్చీకీ మధ్య పెట్టింది. స్టాండును ముందుకు, వెనక్కి జరిపింది. ఆయన భుజం పట్టుకుని కుర్చీలో కాస్త ఎడమకు కూర్చోబెట్టింది. ఒక కన్ను మూయమంది.

ఆయన ఎడమ కన్ను మూశాడు.

మిల్లు ప్రహరీ గోడ ఎక్కడుందో అక్కడే ఉంది. దాని వెనక, నిన్నటి దాకా ఉన్నచోట, గొట్టం నిలబడి ఉంది. దాని చుట్టూ ఉన్నది గాజు కాబట్టి, గాజులోంచి ఆ రోజు ఆకాశం కనిపిస్తోంది. కాకులు ఎగురుతున్నాయి. మబ్బు ఒకటి గొట్టం వెనక నుంచి వచ్చింది. అంచు దగ్గర, ఇటుక లేనిచోటు నుంచి, సాగుతూ బయటికొచ్చింది.

ఆయన దాన్ని చూస్తూ ఉన్నాడు. కూతురూ కోడలూ ఆయన వెనక నిలబడ్డారు.

"పొగ ఇటే తిరిగింది" అన్నాడు. "బట్టలు వెనక వరండాలో వెయ్యండి."

డాబా మెట్ల దగ్గర పెట్టిన బకెట్టు తీసుకుని కోడలు వెనక వరండాలోకి వెళ్ళింది.